కట్టెల బూడిద

భూపాలపల్లిలో మా బొగ్గుగని క్వార్టర్ రెండో అంతస్తులో ఉంది. మా బాల్కనీకీ పక్కింటి బాల్కనీకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ అవతల పెరిగిన పుదీననూ కొత్తిమీరనూ చూసి నేను ఒక చలికాలమంతా కుళ్లుకున్నాను.

నేను జనగామలో ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. పెళ్లయి ఇక్కడికొచ్చాక గ్రంథాలయంలో కూర్చుని, వంటల నుంచి నక్షత్రాల దాకా చేతికందిన పుస్తకమల్లా చదివాను. బిడ్డకు జ్వరమొచ్చినా, దరఖాస్తు రాయాలన్నా మా బిల్డింగు ఆడవాళ్లు ముందు నా తలుపే కొట్టేవారు. "అక్కనడుగు, పుస్తకాలల్ల జూసి చెప్తది" అనేవారు. ఆ మాట కోసమే అంత చదివానేమో.

తర్వాత పక్కింట్లోకి ఆమె వచ్చింది. గార్ల దగ్గరి తండా. నాకంటే చిన్నది, చదువు రాదు. మొగుడు పారేయబోయిన గనిబూట్లలో మట్టి నింపి పుదీన నాటింది. పగిలిన బకెట్లో కొత్తిమీర వేసింది.

నేను పెరటి తోటల పుస్తకం తెచ్చాను. ధనియాలు బద్దలు చేసి, నానబెట్టి, కొత్త కుండీల్లో చల్లాను. "మట్టిలో బూడిద కలపాలి" అని ఉంటే, స్నానాల నీళ్లు కాచే బొగ్గు పొయ్యి కింది బూడిదంతా ఎత్తి పోశాను. మొలకలు రెండాకులు వేసి, పసుపురంగుకు తిరిగి వాలిపోయాయి. మళ్లీ వేశాను. మళ్లీ అంతే.

కింది అంతస్తు వాళ్లు కొత్తిమీర కోసం నా తలుపు దాటి ఆమె తలుపు కొట్టడం మొదలుపెట్టారు. చివరికి మా ఆయన కూడా పప్పు కలుపుకుంటూ, "జర పక్కింట్ల కొత్తిమీర అడుగరాదు" అన్నాడు.

"ఆడికే పోయి తినిరా" అన్నాను.

మర్నాడు పొద్దున ఆమే గోడ మీదుగా నా కుండీల్లోకి తొంగిచూసింది.

"గిదేం బూడిదక్కా?"

"ఎయ్యుమని పుస్తకంల రాసిన్రు."

చిటికెడు తీసి వేళ్లతో నలిపింది. "గిది బొగ్గుది గదా. మా తండల కట్టెల బూడిద ఏస్తరు. ఊరికి పోయినప్పుడు నీకు గూడ సంచిల తెస్త తియ్."

వెక్కిరిస్తే బాగుండేది. వెక్కిరించలేదు. పుస్తకం రాసినాయనకు బూడిదంటే కట్టెలది. బొగ్గు ఊళ్లో ఉండే నాకు బూడిదంటే మా పొయ్యిది. ఇంత చదివిన నాకు ఆ తేడా తట్టలేదు.

గ్రంథాలయం పుస్తకాల మీద గీతలు గీసేవాళ్లను తిట్టేదాన్ని నేను. తిరిగిచ్చే రోజు ఆ పుటలో "బూడిద"కు ముందు "కట్టెల" అని పెన్సిల్‌తో సన్నగా రాశాను.

ఆమె తెచ్చిన బూడిదతో, కొత్త మట్టిలో నా కొత్తిమీర జానెడు లేచింది. కింది అంతస్తు ఆమె వచ్చి "ఏమేసినవక్కా?" అని అడిగింది.

"కట్టెల బూడిద. పుస్తకంల ఉన్నది" అన్నాను.

గోడ అవతల పక్కింటామె బట్టలు ఆరేస్తోంది. నా మాట విన్నది. ఏమీ అనకుండా తడి చీర దులిపింది. అట్లా ఊరుకోవడం నాకు చేతకాదు. దానికీ కుళ్లుకున్నాను.