మోరిమోతో గారి మెచ్చుకోలు

2023 వానాకాలం. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో కార్లకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీలో సాయంత్రాలు జపనీస్ నేర్పేదాన్ని. నాలాంటివాళ్లను కార్పొరేట్ ట్రైనర్ అంటారు. అంటే ఉద్యోగస్తులకు వాళ్ల ఆఫీసుకే వెళ్లి పాఠం చెప్పే టీచరన్నమాట. క్లాసులో అందరూ నన్ను సెన్సే, అంటే జపనీస్‌లో టీచరుగారూ, అని పిలిచేవారు, గంగాధర్ తప్ప. అతనికి నేను మొదటి నుంచీ మేడమే.

గంగాధర్‌ది హిందూపురం. టెస్టింగ్ ఇంజనీరు. ఎవరినైనా ఒకసారి చూస్తే చాలు, మర్నాటికి మిమిక్రీ చేసేవాడు. అతని టీముకు పెద్ద మోరిమోతో గారు, జపాన్ నుంచి వచ్చినాయన. ఆయన నోట 'కుదరదు' అన్న మాట రాదు. తల కాస్త పక్కకు వంచి, పళ్ల సందుల్లోంచి 'స్స్' అని గాలి పీల్చి ఊరుకుంటారు. కుదరదని మనమే అర్థం చేసుకోవాలి. గంగాధర్ ఒక మధ్యాహ్నం కాఫీ మెషీన్ దగ్గర ఆ గాలి పీల్చడాన్ని అచ్చంగా దించేస్తుంటే, వెనక సాక్షాత్తూ ఆయనే నిలబడి ఉన్నారు. పక్కన జపాన్‌లోని నాగోయా హెడ్డాఫీసు నుంచి వచ్చిన అతిథి కూడా ఉన్నాడు. మోరిమోతో గారు నవ్వేసి, "గంగాధర్ గారు మమ్మల్ని ఎంత బాగా గమనిస్తారో" అన్నారట.

మామూలుగా అయితే అది అక్కడితో అయిపోవాలి. కానీ ఆ ముందు వారమే నేను క్లాసులో క్యోటో వాళ్ల మర్యాద గురించి చెప్పాను. అక్కడ పక్కింటావిడ 'మీ అమ్మాయి పియానో భలే వాయిస్తోందండీ' అందంటే, గోల తగ్గించమని అర్థమట. క్లాసంతా పడీపడీ నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్విన గంగాధర్ ఇప్పుడు నా దగ్గరికి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మేడం, ఆయప్ప నవ్వినాడు గానీ, ఆ నవ్వులో ఏందో ఉండాది."

"ఏముంది?"

"అదే తెలీలా. నాగోయాకు రెండేండ్లకి ఒకర్ని పంపిస్తారంట. పేరు ఆయప్పే ఇయ్యల్ల. ఎన్నేండ్ల నుంచో కాసుకోనుండా. ఇంగ నా పేరు కొట్టేసినట్లే."

"లేనిపోనివి ఊహించుకోకు" అన్నానే గానీ, నాకూ అనుమానం పట్టుకుంది. అసలే నేను ఎవరైనా పొగిడితే పర్సు ఉందో లేదో చూసుకునే రకం. ఈ భాష నేర్చుకున్నాక ఆ గుణం ఇంకాస్త ముదిరింది.

గంగాధర్ మిమిక్రీ మానేశాడు. తర్వాత మాటలే మానేశాడు. మోరిమోతో గారు 'మీ రిపోర్టు చాలా వివరంగా ఉంది' అంటే, సాగదీశావని తిట్టారనుకుని మర్నాడు సగానికి కోసేశాడు. 'ఇది క్లుప్తంగా ఉంది' అంటే ఆ రాత్రి అన్నం మానేశాడు. నవ్వొచ్చే సంగతే, కానీ మనిషి చిక్కిపోతుంటే నాకు నవ్వు రాలేదు.

ఇంతలో ఒకరోజు లిఫ్టు దగ్గర మోరిమోతో గారు నన్ను ఆపారు. "గంగాధర్ గారు ఈ మధ్య చాలా నిశ్శబ్దంగా ఉంటున్నారు. మీ క్లాసులో ఎలా ఉంటారు?"

ఇది ప్రశ్నా, ఫిర్యాదా? మీవాడికి మర్యాద నేర్పలేదేమని నన్నే అడుగుతున్నారా? హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్లో ఇల్లు చేరేదాకా క్యాబులో అదే ఆలోచన. చివరికి ఇలా కాదని, మరుసటి క్లాసుకు ఆయన్నే అతిథిగా పిలిచాను.

ఆ రోజు రోల్ ప్లే పెట్టాను. అంటే ఒక సందర్భం ఇచ్చి, అందులోని మనుషుల్లా మాట్లాడించడం. క్లయింటు వచ్చే వారానికే పని పూర్తి చేయమంటాడు, మేనేజరు నొప్పించకుండా కాదనాలి. మేనేజరు వేషం గంగాధర్‌కిచ్చాను. నన్ను కొరకొరా చూసి లేచాడు. చూసి చదివినట్టు, "క్షమించండి, అది కష్టం" అన్నాడు.

వెనక కుర్చీలోంచి 'స్స్' అని వినిపించింది.

అందరం తిరిగి చూశాం. మోరిమోతో గారు తల పక్కకు వంచి ఉన్నారు. "ఇది మరిచిపోయారు" అన్నారు.

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. గంగాధర్ నా వైపు చూశాడు. కానీయమన్నట్టు తలూపాను. భయం భయంగా గాలి పీల్చాడు.

"ఇంకా పొడుగ్గా. నాది చాలా పొడుగని మా ఆవిడ అంటుంది."

అప్పుడు పేలింది క్లాసు. అయినా నా అనుమానం తీరలేదు. అందరూ వెళ్లాక, ఆ భాషలో అడగకూడనంత సూటిగా అడిగేశాను. "ఆ రోజు మీకు కోపం వచ్చిందా?"

ఆయన 'స్స్' అన్నారు.

"నా ఎదుట చేస్తే కోపం లేదు. బయటి మనిషి ముందు చేయడం బాగా లేదు. అతిథి మొహం మారిపోయింది. నేను ముందుగా నవ్వి మెచ్చుకోకపోతే గంగాధర్ గారికి చెడ్డపేరు వచ్చేది." కుర్చీ సర్ది పెడుతూ అన్నారు, "తర్వాత ఆయన మానేశారు. ఇప్పుడు నా వెనకాల చేస్తున్నారేమో అనుకున్నాను."

ఆ మెచ్చుకోలు వెనక ఇంకో అర్థం ఉన్న మాట నిజమే. గంగాధర్‌ని కాపాడటమే ఆ అర్థం. మేమిద్దరం దెప్పిపొడుపు కోసం వెతుకుతూ కూర్చున్నాం. ఆయనేమో ఒక్కరే కూర్చుని గంగాధర్‌ని అనుమానించారు.

ఈ సంగతి నేను చెప్పగానే, మర్నాడే గంగాధర్ ఆయన దగ్గరికి వెళ్లి, అతిథి ముందు చేసినందుకు క్షమాపణ అడిగాడు. నెల తిరిగేసరికి నాగోయాకు అతని పేరే ఖాయమైంది. 'మమ్మల్ని బాగా గమనించేవాడు అక్కడ అవసరం' అని మోరిమోతో గారు రాశారట.

"మేడం, దీనికి వెనకాల ఇంగో అర్థమేమన్నా ఉండాదా?" అని అడిగాడు గంగాధర్.

"ఏమీ లేదప్పా. పోయి సూట్‌కేసు కొనుక్కో."

పియానో సంగతి ఇప్పటికీ చెబుతాను, కానీ దాని వెంటే ఈ కథా చెబుతాను. ఎవరినైనా ఆట పట్టించే ముందు పక్కన ఎవరున్నారో చూసుకోమంటాను. మాటకు మరో అర్థం ఉందనిపిస్తే, అది మన మంచికే కావచ్చు, ఒకసారి అడిగి చూడమంటాను.

ఆ బ్యాచి చివరి రోజున మోరిమోతో గారు అటుగా వెళ్తూ గుమ్మంలో ఆగారు. "మీ క్లాసు ఎప్పుడూ ఎంత సందడిగా ఉంటుందో" అని నవ్వి వెళ్లిపోయారు. నేను చటుక్కున లేచి తలుపు మూసేద్దామని వెళ్లాను. గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసి, తలుపు అలాగే వదిలేసి వచ్చి పాఠం మొదలుపెట్టాను.