గడియలు తీసేయమన్న వీధి

వీధిలో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. ఆ కొట్టు ఆమె నాన్నది. ఆయనకు కొడుకులు లేక కాదు, ఇద్దరున్నారు. పెద్దవాడికి ఆకురాయి చప్పుడు గిట్టదు, చిన్నవాడికి కూర్చుని చేసే పని ఏదీ గిట్టదు. అలా కొట్టు కూతురి చేతికొచ్చింది. ఒక పాత భవనం మెట్ల కింద ఇరుకు చోటు. లోపల ఒక స్టూలు, తాళంచెవులు కోసే చిన్న మెషీను, గోడనిండా మేకులు, మేకులనిండా చెవులు. కాస్త ఒళ్లున్న మనిషెవరైనా వస్తే బయటే నిలబడి మాట్లాడాలి.

పనితనం సంగతి అలా ఉంచితే, ఆమెకో గుణం ఉంది. అడక్కుండా ఉండలేదు. తాళంచెవి పోయిందని వచ్చినవాళ్లని ఎక్కడ పోయిందని ఎవరైనా అడుగుతారు. ఈమె, ఆ సమయంలో మీరేం ఆలోచిస్తున్నారు అని కూడా అడుగుతుంది. బస్సు డ్రైవరైన భర్త దీని మీద ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

"నువ్వు ఒక చెవి కోసేలోపు వాళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేస్తావు. పోలీసుల్లో చేరాల్సింది."

"పోలీసులకి జవాబు కావాలి. నాకు కబుర్లు చాలు," అనేది ఆమె.

మొగుడూ పెళ్లాలు పై అంతస్తులో రెండు గదుల్లో ఉండేవారు. మోకాళ్ల నొప్పుల వల్ల మావగారు కింది గదిలో ఉండేవాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేసి రిటైరైన మనిషి. ఆయనకు తోడు ఒక పాత రేడియో. చెవులు మందగించే కొద్దీ దాని గొంతు పెరిగేది. గోడకు అవతలి వాటాలో ఒక రిటైరైన నర్సు ఒంటరిగా ఉండేది. మోత భరించలేనప్పుడు ఆమె గోడ మీద గరిటెతో కొట్టేది. ఆయన కాస్త తగ్గించి, తనూ చేతికర్రతో తిరిగి కొట్టేవాడు. ఇద్దరూ ఎదురుపడితే మర్యాదగా నమస్కారాలు పెట్టుకునేవారు. తగాదా అంతా గోడతోనే.

ఆ ఏడు వానాకాలం అయిపోయిందని గొడుగులు అటక మీద పెట్టేసిన తర్వాత వచ్చింది వాన. పొద్దున్నే మొదలైంది. ఇంత వాన చూడలేదని ముసలివాళ్లు అన్నారు. నిజానికి అంతకు కొన్నేళ్ల ముందు వచ్చినప్పుడూ వాళ్లు అదే మాటన్నారు. కొట్టు తెరిచి ఇంకా స్టూలు కూడా తుడవలేదు, వీధి చివరి కాలువ గట్టు దాటి నీళ్లు వచ్చేశాయి. తాళాలక్క ఇనుపకమ్మీ ఒకటి చేతబట్టుకుని ఇంటివైపు నడిచింది. మోకాళ్ల లోతు కాస్తా నడుము లోతయింది. దారి పొడుగునా తలుపుల వెనకనుంచి కేకలు. తాళాలు బాగానే ఉన్నాయి, గడియలూ బాగానే ఉన్నాయి. చెక్క నీళ్లు తాగి ఉబ్బిపోయి తలుపులు చట్రాల్లో బిగుసుకుపోయాయి. లోపలివాళ్లు లాగుతున్నారు, రావడం లేదు. ఆమె కమ్మీ దూర్చి ఒక్కొక్కటీ పెకలిస్తూ వెళ్లింది. ఎదురైన తలుపునల్లా తెరుచుకుంటూ పోతే తన ఇల్లు ఆఖరున వచ్చింది, అప్పటికి నీళ్లు ఛాతీ లోతయ్యాయి. మావగారి గది తలుపు బద్దలు కొట్టేసరికి ఆయన బల్లమీద నిలబడి, గోడకు చెవి ఆనించి ఉన్నాడు. నీళ్లు ఆయన తొడల దాకా ఉన్నాయి. ఆమె పిలిస్తే ఒకంతట తిరిగి చూడలేదు.

ఆయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చేసరికి బురద ఎత్తేశారు, గోడలకు సున్నం వేసేశారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు కదా అని వీధి ఊపిరి పీల్చుకుంది.

కొట్టుకి మొదట తుప్పుపట్టిన తాళాలు వచ్చాయి. అది ఊహించిందే. ఆ తర్వాత వింత బేరాలు మొదలయ్యాయి. లెక్కల ట్యూషన్లు చెప్పే ఆయన వచ్చి, స్నానాలగదికి లోపలి గడియ పీకేయమన్నాడు.

"గడియ పాడైందాండీ?"

"బాగానే ఉంది."

"మరెందుకు?"

"పిల్లలున్న ఇల్లు కదా."

ఆయన పిల్లలిద్దరూ కాలేజీలో చదువుతున్నారని ఆమెకు తెలుసు. మర్నాడు మిషను కుట్టే ఆవిడ వచ్చి పడగ్గది బోల్టు తీసేయమంది. అది బిగుతుగా ఉందట. వెళ్లి చూస్తే వేలితో తోస్తే జరుగుతోంది. ఇంకొకాయన వీధి తలుపు మొత్తం బయటికి తెరుచుకునేలా తిప్పి బిగించమన్నాడు. కారణం గాలి కోసమట. ఎవరి కారణం వాళ్లది, ఒక్కటీ అతికేది కాదు. తాళాలక్కకు ఇది పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. వీధంతా దొంగలకు ఎదురెళ్లి స్వాగతం చెప్పేలా ఎందుకు తయారవుతోంది?

జవాబు ఆమెకు ఒకరోజు తనంతట తానే తట్టింది. వీళ్లు జడిసింది నీళ్లకు కాదు, తలుపులకు. అలా అనుకోగానే ఇంట్లో సంగతి గుర్తొచ్చింది. మావగారు ఆస్పత్రినుంచి వచ్చాక రేడియో ముట్టుకోలేదు. ఆకాశంలో ఏ మూలన మబ్బు కనిపించినా చెప్పులేసుకుని, కర్ర పట్టుకుని, మెట్ల మధ్య మలుపులో కూర్చుంటాడు. వాన పడినా పడకపోయినా మబ్బు పోయేదాకా లేవడు. భర్తని అడిగితే, "వయసైపోయింది, వదిలెయ్," అన్నాడు. అన్నాడే గాని బస్సు డిపోనుంచి వచ్చేటప్పుడు తనూ తల పైకెత్తి చూసుకుంటూ రావడం ఆమె కనిపెట్టింది.

మర్నాడు మావగారు గుమ్మంలో ఎండకు కూర్చుని ఉండగా ఆమె స్క్రూడ్రైవరు తెచ్చి ఆయన గది గడియ విప్పేసింది. ఇక ఆయన కుదుటపడతాడని సంబరపడింది. ఆయన లోపలికొచ్చి, చట్రంలో ఖాళీగా ఉన్న స్క్రూ రంధ్రాలు చూసి మొహం ఎర్రగా చేసుకున్నాడు.

"ఇదేంటమ్మాయ్?"

"మీకు భయం లేకుండా ఉంటుందని, మావయ్యా."

"నాకు తలుపంటే భయమని నీతో ఎవరన్నారు? బట్టలు మార్చుకోవాలంటే వీధిలో చాటింపు వేసి మార్చుకోనా? పెట్టేయ్, ఎక్కడిదక్కడ పెట్టేయ్."

ఆమె గడియ మళ్లీ పెట్టేసింది. పెడుతూ ఉండగా సిగ్గనిపించింది. ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాళ్లని ఇన్ని ప్రశ్నలడుగుతుందే, ఒకే కప్పు కింద ఉన్న మనిషిని ఆరోజు ఏం జరిగిందని ఒక్కసారీ అడగలేదు. పాపం, గుర్తుచేయడం ఎందుకని ఊరుకుంది. ఆమే కాదు, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆయన ముందు వరద మాటెత్తేవారు కాదు.

ఆఖరి స్క్రూ బిగించి, అక్కడే నేలమీద కూర్చుంది.

"మావయ్యా, ఆరోజు మీరు గోడకు చెవి పెట్టి ఏం వింటున్నారు?"

ఆయన చేతికర్ర పిడిని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"ఆవిడ కొట్టింది," అన్నాడు చివరికి. "నర్సమ్మ. గోడ మీద కొట్టింది. నేనూ కొట్టాను. మళ్లీ కొట్టింది. అలా కొట్టుకుంటూనే ఉన్నాం. తర్వాత నేను కొడితే అటునుంచి ఏమీ లేదు. ఎంత కొట్టినా లేదు." కర్రతో గోడవైపు చూపించాడు. "ఆస్పత్రినుంచి వచ్చేసరికి ఆ వాటాకి తాళం వేసుంది. మీరెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నా మనసు కష్టపెట్టకూడదని చెప్పలేదులే అనుకున్నా."

నర్సమ్మను ఆరోజు ఆ వాటా పైన ఉండేవాళ్లు కిటికీ చువ్వలు వంచి బయటికి లాగారు. అందుకే చప్పుడు ఆగింది. ఆ తర్వాత ఆమె చెల్లెలు వచ్చి తన ఊరికి తీసుకుపోయింది. వీధిలో చీమకు కూడా తెలిసిన సంగతి. ఆయనకు తెలియదని ఎవరికీ తెలియదు.

"ఆవిడ బతికే ఉంది మావయ్యా."

ఆయన నమ్మలేదు. ఊరడించడానికి అంటోందనుకున్నాడు. ఆమె వెళ్లి, మిషను కుట్టే ఆవిడ దగ్గర నంబరు కనుక్కుని, ఫోను కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది. అవతలి గొంతు ఆమెకు కూడా వినిపించింది.

"ఏమండీ రేడియోగారూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా? ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో తెలుసా? చెవులు కోలుకున్నాయి."

"క్షేమమేనాండీ?" అన్నాడాయన. కళ్లజోడు తీసి పంచెతో తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడిచాడు.

ఆ వారమంతా ఇంట్లో పండగలా ఉంది. రేడియో మోగింది. ఆయన రెండుపూటలా కడుపునిండా తిన్నాడు. ముడి విప్పానని తాళాలక్క లోలోపల కాస్త పొంగిపోయింది కూడా. మరుసటి వారం మబ్బు పట్టింది. ఆయన రేడియో కట్టేసి, చెప్పులేసుకుని, మెట్ల మలుపులో కూర్చున్నాడు.

ఆమె తల పట్టుకుంది. వెళ్లి వీధి చివర క్లినిక్‌లో డాక్టరమ్మను అడిగింది. ఆవిడ తన గది తలుపుకి చెక్క చీలిక అడ్డం పెట్టి తెరిచే ఉంచడం చూసి, తాళాలక్కకు ఒక్క క్షణం నవ్వొచ్చింది.

"మీరూనా డాక్టరుగారూ?"

"నేనూ ఈ వీధిలోనే ఉన్నాగా," అంది డాక్టరమ్మ నవ్వకుండానే. "గుండె దడ, నిద్ర పట్టదు, ఊరికే చిరాకు అని చాలామంది వస్తున్నారు. అడిగి చూస్తే అందరికీ వానకబురు చెప్పిన రోజే ఎక్కువవుతోంది. ఇదివరకైతే, అయిపోయిందేదో అయిపోయింది, మర్చిపోండి అని చెప్పేదాన్ని. ఇప్పుడలా ఎలా చెప్పను? వానలు మారిపోయాయి. ఎప్పుడు పడతాయో, ఎంత పడతాయో లెక్క లేదు. ఎండలూ అంతే. వాళ్ల భయంలో నిజం ఉన్నప్పుడు భయం తప్పని అనలేను. దాంతో ఎలా బతకాలో మాత్రం నేనూ వాళ్లతోపాటు నేర్చుకుంటున్నా. ఒంటరిగా కూర్చోనివ్వకండి. అదొక్కటి ఖాయంగా చెప్పగలను."

తాళాలక్క నేరుగా మెట్ల దగ్గరికెళ్లి మావగారి పక్కన కూర్చుంది.

"నర్సమ్మ బతికే ఉందిగా మావయ్యా, ఇంకా ఎందుకు?"

"ఆవిడ బతికే ఉంది," అన్నాడాయన, కిటికీలోంచి మబ్బు చూస్తూ. "వానా బతికే ఉందిగా అమ్మాయ్."

ఆ మాట ఆమెను చాలారోజులు వెంటాడింది. తర్వాతినుంచి గడియ తీసేయమని వచ్చినవాళ్లని ఎందుకని అడగడం మానేసింది. ఆరోజు మీరెక్కడున్నారని అడిగింది. ఆ ప్రశ్నకు కట్టె విరిచినట్టు జవాబు చెప్పినవాళ్లు లేరు. లెక్కల మాస్టారు స్నానాలగదిలో తువ్వాలుతో చిక్కుకుపోయి, ఇలా దొరికితే విద్యార్థుల ముందు పరువేం కావాలని ఏడ్చాడట. చెబుతూ నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఆగి కొట్టు గోడకు ఆనుకున్నాడు. ఆమె ఇంకో స్టూలు తెచ్చి బయట వేసింది. కొందరు మాట్లాడాక గడియ ఉండనిమ్మన్నారు. కొందరు ఎంత మాట్లాడినా తీసేయమన్నారు. ఎవరికి ఏది కావాలంటే అది చేసింది. ఎవరికి ఎందుకు తేలికపడుతుందో, ఎవరికి ఎందుకు పడదో ఆమెకు అంతుపట్టలేదు. అయినా కనుక్కోవాలని మాత్రం ఉండేది.

మబ్బు పట్టిన రోజుల్లో మెట్ల మలుపులో మనుషులు పెరిగారు. మిషను ఆవిడ కాజాలు కుట్టుకుంటూ కూర్చునేది. డ్రైవరు సెలవు రోజైతే టీ పట్టుకుని వచ్చి, తండ్రికంటే ఒక మెట్టు కింద చతికిలబడేవాడు. తనకు వానలో బస్సు నడపాలంటే చేతులు చెమర్చుతున్నాయని ఒకనాడు అక్కడే, ఎవరితోనో మామూలుగా అంటున్నట్టు అన్నాడు. పెళ్లానికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఒకరోజు, ఎండ ఫెళ్లున కాస్తుండగా, మావగారు చెప్పులేసుకుని కర్ర పట్టుకున్నాడు. ఆమె కంగారుగా ఆకాశం చూసింది. మబ్బు తునక కూడా లేదు.

"కాలువ దాకా తీసుకెళ్తావా?" అన్నాడు.

వరద తర్వాత ఆయన అటు మొహం పెట్టలేదు. ఇద్దరూ నెమ్మదిగా నడిచారు, మధ్యలో క్లినిక్ అరుగు మీద కాసేపు ఆగారు. కాలువ అడుగున నీళ్లు సన్నగా పారుతున్నాయి. ఇదా ఇంత పని చేసిందన్నట్టు ఆయన దాన్ని ఎగాదిగా చూశాడు. వంతెన స్తంభానికి నీటిమట్టం చూపే అంకెల పలక ఉంది. ఒక పెయింటరు నిచ్చెన మీద నిలబడి, పాత పలకకు పైన బిగించిన కొత్త పలక మీద నల్లరంగుతో అంకెలు వేస్తున్నాడు.

"ఏం నాయనా, అంత పైకి రాస్తున్నావేం?" అని మావగారు కిందనుంచి అడిగాడు.

"పాతది మొన్న మునిగిపోయిందిగా పెద్దాయనా. మునిగాక లెక్కేం తెలుస్తుంది? అందుకే పెంచమన్నారు."

"ఇదీ మునిగితే?"

పెయింటరు కుంచె ఆపి ఆలోచించాడు. "ఇంకో పలక బిగిస్తారు కాబోలు. నాకు తెలీదండీ."

మావగారు తలూపాడు. వంతెన గోడకు ఆనుకుని, ఆ పెయింటరు ఒక్కో అంకె దిద్దడం చూస్తూ నిలబడ్డాడు. ఇక వెళ్దామా అని తాళాలక్క అడగబోయి ఊరుకుంది. ఆయన మొహంలో భయం లేదని అనలేం. దానితోపాటు ఇంకొకటి కూడా ఉంది. పోస్టాఫీసులో చేసే రోజుల్లో చిరునామా అర్థంకాని ఉత్తరాన్ని వెలుతురుకి పట్టి చూసేవాడినని ఎప్పుడో చెప్పాడు. అలా ఉంది ఆ చూపు.

"ఎనిమిది కొంచెం వంకరపోయింది నాయనా," అన్నాడు కాసేపటికి.

పెయింటరు వెనక్కి వంగి చూసుకుని, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ వేయడం మొదలుపెట్టాడు.