ఆ లిఫ్టర్‌ని దింపమని అరిచింది నేనే

మా ఊరి వాలీబాల్ టీము ఓడిపోవడానికి కారణం మా కెప్టెనేనని నేను రెండేళ్ళు గట్టిగా నమ్మాను. నమ్మి ఊరుకుంటే బాగానే ఉండేది. టీకొట్టు దగ్గర, బస్సు ఆగేచోట, చివరికి చావు ఇంటి ముందు బెంచీ మీద కూర్చుని కూడా అదే మాట చెప్పేవాణ్ని. నా బుద్ధే అంత. పంచాయతీ ఆఫీసులో గుమాస్తా పని నాది. ఎవరు ఏ కాగితం ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూడందే చేతికి తీసుకునేవాణ్ని కాదు. ఇంట్లో మా ఆవిడ ఊరికే నవ్వినా, ఎందుకు నవ్వావని అడిగేవాణ్ని.

ఎనభైల్లో మాట ఇది. ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో మా ఊరు. బడి వెనక చదును చేసిన నేలే మాకు కోర్టు. చేలల్లో పని అయిపోయిన వాళ్ళందరూ సాయంత్రానికి అక్కడే తేలేవారు. నేను ఒక్కనాడూ బంతి ముట్టుకున్నవాణ్ని కాదు. కానీ గట్టు మీద కూర్చుని ఎవరు ఎక్కడ తప్పు చేశారో చెప్పడంలో నన్ను మించినవాడు లేడు.

వాలీబాల్‌లో చప్పట్లన్నీ షాట్ కొట్టేవాడికే. అసలు ఆట మాత్రం లిఫ్టర్‌ది. వచ్చిన బంతిని నెట్టు పక్కన ఎవరికి, ఎంత ఎత్తున, ఎప్పుడు లేపాలో ఆ రెప్పపాటులో తేల్చేది వాడు. మాకొక లిఫ్టర్ ఉండేవాడు, వాగవతలి గూడెం పిల్లగాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. తండ్రి లేడు, తల్లీ తనూ అడవి నరికి ఇంత పోడు సేద్యం చేసుకుని బతికేవాళ్ళు. వాడి వేళ్ళ మీదికి బంతి వచ్చిందంటే చప్పుడు కూడా అయ్యేది కాదు. అవతలివాళ్ళు ఎడమకు దూకేవాళ్ళు, బంతి కుడికి లేచేది. అబ్బ, ఏం ఆటండీ అది! ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

అలాంటివాణ్ని మా కెప్టెన్ ఆట మధ్యలో తీసేసేవాడు. ఓడిపోతున్నప్పుడు కాదు, గెలుస్తున్నప్పుడు! జూలూరుపాడులో అట్లాగే తీశాడు, ఓడాం. పెనుబల్లి దాకా లారీ కట్టుకుని పోయాం, అక్కడా అంతే. వాడి బదులు దిగేది ఎవరనుకున్నారు? కెప్టెన్‌కి సొంత మేనత్త కొడుకు. అతను లేపిన బంతి మనవాళ్ళకంటే అవతలివాళ్ళకే బాగా అందేది.

కెప్టెన్ కరెంటు ఆఫీసులో హెల్పరు. స్తంభాలెక్కే మనిషి, మాట తక్కువ. ఎందుకు తీశావని అడిగితే "అలిసిపోయిండన్నా" అనేవాడు. అలుపా? అడవిలో పొద్దంతా గొడ్డలి పట్టేవాడికి రెండు సెట్లకే అలుపొస్తుందా? పైగా మామూలు రోజుల్లో పొద్దు వాలుతుండగానే వాణ్ని తన సైకిల్ క్యారియర్ మీద ఎక్కించుకుని వాగు వైపు తీసుకెళ్ళేవాడు. ఒంటరిగా తీసుకుపోయి వాడి మనసు విరుస్తున్నాడని నేను తేల్చేశాను. టీకొట్టు దగ్గర చెబితే నలుగురూ నమ్మారు. నమ్మేట్టు చెప్పడం నాకు బాగా వచ్చు మరి.

ఆ ఎండాకాలం మా ఊళ్ళోనే పోటీలు పెట్టారు. బొగ్గు గనుల్లో ఆటల వ్యవహారం చూసే అధికారి ఒకాయన బహుమతులివ్వడానికి వస్తున్నాడన్నారు. ఆయన కంట్లో పడితే ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం ఖాయమని ఊరంతా అనుకుంది. మా లిఫ్టర్‌కి తప్ప ఆ యోగం ఇంకెవరికుంది? వాడి తల్లి అప్పుడే కనబడ్డవాళ్ళకల్లా దండం పెట్టడం మొదలెట్టింది. పొద్దున ఆటకే రమ్మని ఆ అధికారిని బతిమాలడానికి కెప్టెన్ కొత్తగూడెం నాలుగుసార్లు తిరిగాడట. పొద్దున్నే ఎందుకు? అందరూ ఫైనల్‌కి పిలుస్తారు కదా! ఇందులో ఏదో ఉందనుకున్నాను.

పొద్దున సెమీ ఫైనల్లో మావాడు ఆడిన ఆటకి ఆ అధికారి కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పక్కనున్న మనిషిని అడిగి వాడి పేరు కాగితం మీద రాసుకున్నాడు. నా కళ్ళతో చూశాను.

ఫైనల్ అయిదింటికన్నారు. ఉపన్యాసాలయ్యి మొదలయ్యేసరికి ఆరైంది. మొదటి సెట్ మావాడు అలవోకగా గెలిపించాడు. సూర్యుడు బడి కప్పు వెనక్కి దిగాడు. కోర్టుకి రెండు పక్కలా కర్రలకి కట్టిన ట్యూబులైట్లు వేశారు. వెంటనే కెప్టెన్ వాణ్ని బయటికి పిలిచి మేనత్త కొడుకుని దింపాడు. రెండో సెట్ పోయింది.

నా ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం ఇచ్చే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, పిల్లగాడి నోటికాడి కూడు తీసేస్తాడా?

"లిఫ్టర్ని దింపు! లిఫ్టర్ని దింపు!" అని లేచి అరిచాను. గట్టు మీది జనమంతా అందుకున్నారు.

కెప్టెన్ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నీ కాళ్ళు మొక్కుత, జర ఊకో. రేపు అంత చెప్త."

"రేపెందుకు? గిప్పుడే చెప్పు, గీడనే చెప్పు" అన్నాను. రేపు చెప్తానన్నవాడు ఈరోజు దాస్తున్నట్టే కదా!

ఆ గోలకి అధికారి ముందుకు వంగి, "పొద్దున ఆడినతను ఏడీ? ఆడించండి, చూద్దాం" అన్నాడు.

"కాలు మడత పడ్డది సార్" అన్నాడు కెప్టెన్.

"అబద్ధం సార్! బాగనే నడిచిండు, మేమందరం చూసినం" అన్నది నేనే.

కెప్టెన్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంతలో లిఫ్టర్ తనంతట తనే లేచాడు. "ఆడ్తనన్నా" అన్నాడు. గట్టంతా ఈలలు.

మొదటి బంతి వాడి భుజానికి తగిలి కింద పడింది. రెండోదానికి చేతులెత్తాడు, బంతి జానెడు దూరంలో పడింది. మూడోది మొహం మీద కొట్టింది. జనం నవ్వారు. నేను నవ్వలేదు, నాకు ఇంకో అనుమానం వచ్చింది. "అమ్ముడుపోయిండురో! వీడు గూడ అమ్ముడుపోయిండు!" అని అరిచాను. అయ్యో, ఆ మాట అన్న నోరు ఇదే.

ఓడిపోయాం. అధికారి కప్పు అవతలివాళ్ళ చేతిలో పెట్టి, మావాళ్ళ వైపు చూడకుండానే జీపెక్కాడు.

జనం పలచబడ్డారు. వాడు మాత్రం నెట్టు దగ్గరే నిలబడి, పాదంతో నేలని తడుముతున్నాడు. చెప్పులు రెండు అడుగుల దూరంలో ఉన్నాయి, ట్యూబులైట్ వెలుతురులోనే. తల్లి వచ్చి వంగి చెప్పులు తొడిగింది. కొడుకు మణికట్టు పట్టుకుంది.

నా పక్కన కెప్టెన్ మైకు వైరు చుట్టుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "రేచీకటి వానికి. చిన్నప్పటి సంది పొద్దుగూకితే ఏం కానరాదు. నలుగురికి తెలిస్తె కొలువు రాదని, పిల్లనియ్యరని, ఎవ్వరికి చెప్పొద్దని ఆ తల్లి ఒట్టేయించుకున్నది. ఆఫీసుల పగటి పని ఇప్పిద్దామని తిరిగిన. పొద్దుగాల్నే పని అయిపాయె అనుకున్న. ఇగ సాలునా అన్నా, తీరిందా నీ అనుమానం?"

సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత ఎన్నో ఏళ్ళు నాకు నేను ఒక మాట చెప్పుకున్నాను, వైద్య పరీక్షలో ఎలాగూ దొరికిపోయేవాడేనని. అయి ఉండొచ్చు. కానీ అది నా తప్పు తేలిక చేసుకోవడానికి నేను తయారుచేసుకున్న మాట. అందరి మాటల్నీ అనుమానించేవాణ్ని, ఈ ఒక్కదాన్ని ఎందుకు వదలాలి?

తల్లి మా దగ్గరికి వచ్చింది. కెప్టెన్ లైట్లు విప్పాల్సి ఉంది, కదిలే వీలు లేదు. ఆమె నన్ను చూసి, "అయ్యా, వాగు కాడ రాళ్ళున్నయి. నా ఒక్కదానితోని కాదు. జర రెండో చెయ్యి పట్టుకుంటవా?" అంది. అరిచింది నేనని ఆమెకు తెలుసో తెలియదో. పట్టుకున్నాను.

గొడ్డలి పట్టి కాయలు కాసిన చెయ్యి, అయినా ఎంత మెత్తటి పట్టు అనుకున్నారు! బంతి చప్పుడు కాకుండా ఆపే ఆ వేళ్ళు నా చేతిలో ఒదిగిపోయాయి. దారి పొడుగునా నేను పెదవి విప్పలేదు. మాట్లాడితే గొంతు గుర్తుపడతాడని భయం. ఒక రాయి దగ్గర వాడు తూలితే కూడా "జాగ్రత్త" అనలేకపోయాను, చెయ్యి మాత్రం బిగించి పట్టుకున్నాను. తల్లే "ఇగో, మెల్లగ, ఇటు" అంటూ దాటించింది.

గుడిసె ముందు ఆమె లోపలికి వెళ్ళింది. నేను చెయ్యి వదిలి వెనక్కి తిరిగాను.

"గుమాస్తన్నా" అన్నాడు వాడు.

ఆగిపోయాను.

"మాట్లాడకపోతె తెల్వదనుకున్నవా? రెండేండ్ల సంది గట్టు మీదికెల్లి నీ గొంతే గదా ఇంటున్న." నేనున్నాననుకున్న వైపుకి, నాకు కాస్త పక్కగా, మొహం తిప్పి అన్నాడు. "నువ్వు గంత గట్టిగ దింపుమంటుంటె... ఒక్క నిమిషం, నాకు కానొస్తదేమో అనుకున్ననన్నా."