సాంచల గల్లీ గోడ మీద తెల్ల తువ్వాల

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదని పుట్టిన కోరుట్లలోనూ, నర్సు పని నేర్చుకున్న జగిత్యాలలోనూ అందరికీ తెలుసు. సిరిసిల్లలో కొలువు దొరికాక అది ఇంకా ముదిరింది. మా చిన్న దవాఖాన గోడకు ఆనుకొనే సాంచల గల్లీ. సాంచలంటే మరమగ్గాలు. పొద్దంతా వాటి మోత. అరవనిదే మాట వినపడేది కాదు.

మాట సంగతి సరే, బీపీ చూడటం ఎట్లా? పట్టీలో గాలి వదులుతుంటే చెవి గొట్టాల్లో నాడి చప్పుడు వినాలి. నాకు సాంచల చప్పుడే వినిపించేది. అందుకే గల్లీవాళ్లతో ఒక మాట అనుకున్నాం. బీపీ బాగా ఎక్కువైన మనిషికి మందు వేస్తే, మా ఆయమ్మ గోడ మీద తెల్ల తువ్వాల వేస్తుంది. అది కనిపిస్తే సాంచలు ఆపుతారు, తీస్తే నడుపుతారు. ఆపిన పూటకు వాళ్లకు కూలి రాదు. అయినా ఎవరూ సణగలేదు.

ఆ రోజు కోనరావుపేట వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. కొడుకు అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిశాడని పోలీసులు ఆమెను రోజూ సతాయిస్తున్నారు. తల పగిలిపోతోందంది. సాంచల మోతలో మణికట్టు నాడి పట్టుకొని బీపీ పై అంకె చూస్తే నాకే కళ్లు తిరిగాయి. ఆ రోజుల్లో అలవాటున్న మందు నాలుక కింద వేశాను. ఆ మందు ఒక్కోసారి బీపీని దబ్బున దించేస్తుంది. అప్పుడు మనిషి లేచి నిలబడితే కుప్పకూలడమే, పక్షవాతం కూడా రావచ్చు. కాబట్టి మంచం దగ్గరే ఉండి మళ్లీ మళ్లీ చూడాలి.

తువ్వాల పడింది, సాంచలు ఆగాయి. అప్పుడే జీపు దిగి ఎస్సై లోపలికి వచ్చాడు.

"మందేసిన్రు గదా? ఇగ లేపుండ్రి. రెండు ముచ్చట్లడిగి తోలిస్తం."

ఆ రెండు ముచ్చట్లకు పోయినవాళ్లు ఎట్లా తిరిగొచ్చేవాళ్లో మేమే కట్లు కట్టి చూసేవాళ్లం. నాకు ఒళ్లు మండింది.

"బీపీ నిలకడయ్యేదాక లేవొద్దు సార్."

"తగ్గిందా లేదా?"

"తగ్గింది. ఇంక తగ్గుతనే ఉన్నది, గదే భయం. గిప్పుడు లేపితే జీపెక్కకముందే పడ్తది. ఎవరు లేపంగ పడ్డదో గల్లీకంత నేనే చెప్త."

ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "నన్ను పోనియ్యి బిడ్డా. నా కోసం నీకెందుకు లొల్లి?"

"మాట్లాడితే బీపీ పెరుగుతది, సప్పుడు జెయ్యక పండుకో అవ్వా" అన్నాను.

ఎస్సైకి అప్పుడు తట్టింది, బయట చప్పుడు లేదని. "సాంచలెందుకు బందైనయ్? ఎవరు సైగ చేసిన్రు?"

తువ్వాల చూపించి సంగతి చెప్పాను. నమ్మలేదు. ఆ కాలంలో ఆరేసిన లుంగీ కూడా వాళ్ల కంటికి అన్నల సైగే. విసురుగా పోయి తువ్వాల లాగి కింద పడేశాడు.

తువ్వాల పోతే సాంచలు నడవాలి. ఒక్కటీ నడవలేదు. నేత కార్మికులు ఒక్కొక్కరే వచ్చి గోడవతల నిలబడ్డారు.

"నడుపుండ్రిరా!" అని ఎస్సై అరిచాడు.

"సిస్టరమ్మ తీస్తెనే నడుపుతం సార్" అన్నాడొక పెద్దమనిషి, చేతులు కట్టుకొని.

ఎస్సై వాళ్లను చూశాడు, నన్ను చూశాడు. "పొద్దుగూకినంక మళ్లొస్త" అని జీపెక్కాడు.

"రాండ్రి సార్. గప్పుడు గూడ బీపీ చూస్త" అన్నాను.

తువ్వాల దులిపి మళ్లీ గోడ మీద వేశాను. చూస్తూ చూస్తూ ఉంటే మధ్యాహ్నం దాటాక బీపీ నిలకడయింది. కూర్చోబెట్టి చూశాను, నిలబెట్టి చూశాను. పడలేదు. గల్లీ ఆడవాళ్లు ఆమెను నడుమ పెట్టుకొని బస్టాండుకు నడిపించారు. తువ్వాల మాత్రం తీయలేదు, చూసేవాళ్లు అవ్వ ఇంకా మంచం మీదే ఉందనుకోవాలి. ఆమె ఎక్కాల్సింది సొంతూరి బస్సు కాదు, కోరుట్ల బస్సు. అక్కడ మా అమ్మ ఉంది, ఆమె నోరు నాకంటే చెడ్డది.

బస్సు కదిలిందని ఆయమ్మ వచ్చి చెప్పాకే తువ్వాల తీశాను.