మిస్డ్ కాల్ సుత వద్దు

మొన్న మధ్యాహ్నం మా వీధిలో మళ్లీ ఎవరో గొయ్యి తవ్వారు. మా సికింద్రాబాద్ కార్ఖానా పేటలో గొయ్యి తవ్వడానికి పెద్ద కారణం అక్కర్లేదు, ఎండ కాస్తే చాలు. ఆ తవ్వకంలో ఇంటర్నెట్ తీగ తెగి ఇంట్లో పనులన్నీ ఆగిపోయాయి. మా అమ్మాయి విసుక్కోను కూడా లేదు. తన ఫోనును వేలితో ఒకసారి తాకింది, ఒళ్లో ఉన్న లాప్‌టాప్ దానంతట అదే ఆ ఫోనులోని ఇంటర్నెట్‌ను పట్టుకుంది, ఆఫీసుకు పంపాల్సినదేదో పంపడం మొదలైంది. అంతటితో ఆగితే నేనిది రాసేదాన్ని కాదు. సగంలో ఉండగా ఆ ఫోనుకే ఎవరిదో కాల్ వచ్చింది. నేను చేతిలోని చిక్కుడుకాయలు వదిలేసి గభాలున లేచి నిలబడ్డాను. ఫోనొస్తోంది, లైను పోతుంది చూసుకో అన్నాను. "ఏ లైను మమ్మీ?" అంది అది, ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో పని చేసుకుంటూనే.

ఏ లైనో దానికి ఏమని చెప్పను? మీరైతే అర్థం చేసుకుంటారు. అరచేతిలో ఇమిడే బొత్తాల ఫోనులోకి ఇంటర్నెట్ కొత్తగా వచ్చి, ఉందో లేదో తెలియనంత నెమ్మదిగా నడిచిన రోజులు మీరూ చూశారు. అది మిస్డ్ కాల్ కాలం కూడా. ఒక మోగు మోగించి పెట్టేయడంలో మన వాళ్లు ఎన్నెన్ని సంగతులు చెప్పుకునేవారో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బొల్లారంలో ఉండే మా ఆడబిడ్డ సాయంత్రం దీపం పెట్టగానే ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది, అంటే అందరం బాగున్నాం అని. మావారు రైల్వేలో గార్డు, ఏ ఊరి స్టేషనులో దిగినా ఒక మిస్డ్ కాల్, అంటే చేరాను, తిన్నాను, పడుకుంటున్నాను అని. అందుకు బదులుగా మనమూ ఒకటి ఇవ్వకపోతే అవతలివాళ్లు నొచ్చుకునేవారు. ఎత్తి మాట్లాడితే డబ్బులు పోయాయని ఇంకా నొచ్చుకునేవారు.

ఆ రోజుల్లోనే మా అత్తమ్మ గిన్నెలు తోమే చోట కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మంచం దిగకూడదన్నారు. మావారు వారంలో సగం రైలు మీదే ఉండేవారు, అమ్మాయి బడికి పోయే పిల్ల. నేను సికింద్రాబాద్ స్టేషను దగ్గర ఒక చిన్న అనువాదాల ఆఫీసులో పనిచేసేదాన్ని. మందుల డబ్బాల్లో మడతలు పెట్టి ఉండే కాగితాలు, మిక్సీతో పాటు వచ్చే చిన్న పుస్తకాలు, ఇలాంటివి తెలుగు చేయడం మా పని. ఎవరూ చదవని ఆ రాతల్లో ఒక మంచి మాట పడితే రోజంతా నాకు సంతోషంగా ఉండేది. ఆ ఉద్యోగం లేకపోతే ఇల్లు గడవకపోయేదేమీ కాదు. కానీ ఇంట్లో నేను కోడలిని, భార్యను, అమ్మను, అక్కడ మాత్రం ఉత్త నేను. దాన్ని వదులుకోవాలంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ ఆఫీసు మేడం కొంత మంచిదే. ఇంటి దగ్గరే చేసి పంపుతానంటే, సరే, ఒక వారం చూద్దామంది. షరతు ఒకటే, ఆ రోజు పని ఆ రోజు ఆఫీసు మూసేలోపు మెయిల్‌లో చేరాలి. ఒక్కరోజు తప్పినా ఈ ఏర్పాటు కుదరదన్నమాట, అప్పుడు ఆఫీసుకైనా రావాలి, మానుకోనైనా మానుకోవాలి. ఈ మాట విని నాకన్నా అత్తమ్మ ఎక్కువ బెంగపడింది. నా కాలు ఇరిగితే నీ నౌకరి పోవాల్నా, అని ఆ వారమంతా ఒకటే అంటూ ఉండేది.

అసలు చిక్కు ఏమిటంటే ఇంటర్నెట్‌కు కావాల్సిన టెలిఫోను లైను మాకు లేదు. దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నాం, టెలిఫోను ఆఫీసువాళ్లూ చూస్తున్నారు. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్దామంటే అత్తమ్మను ఒంటరిగా వదలడానికి లేదు. అప్పుడు మా మరిది తన ఆఫీసులో పక్కన పడేసిన లాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. ఉన్న విండోస్‌తో అది లేవడానికే ఆపసోపాలు పడుతుంటే, దాన్ని తీసేసి, విండోస్ చేసే పనే ఊరికే చేసిపెట్టే లైనక్స్ వేశాడు. మరిదికి లైనక్స్ అంటే భక్తి, ఎవరింటికి వెళ్లినా కాఫీ తాగేలోపు ఆ ఇంటి కంప్యూటరు మతం మార్చేసేవాడు. నా ఫోనుతో ఇచ్చిన సీడీకి విండోస్ తప్ప మరొకటి తెలియదు. ఫోను కంపెనీ సహాయ కేంద్రానికి చేస్తే అక్కడి అమ్మాయి, లైనక్స్ అంటే ఏ మోడల్ ఫోను మేడం, అని అడిగింది. మరిది నవ్వి, "వదినా, దీన్ని ఫోననుకోకు, ఇంటర్నెట్ తెచ్చే డబ్బా, మోడెం అనుకో. గంతే, ఇంకేం పరేషాన్ లేదు" అన్నాడు.

పరేషాన్ లేకపోవడమంటే ఇలా ఉండేది. ఫోనును ఒక తీగతో లాప్‌టాప్‌కు కలపాలి. నల్లటి తెర మీద డయల్ చేయమని ఒక ముక్క టైపు చేయాలి. నక్షత్రం గుర్తూ, రెండు తొమ్మిదులూ ఉన్న వింత నంబరుకు అది ఫోను చేస్తుంది. తెల్లటి అక్షరాలు వరుసగా దిగుతాయి, వాటిలో కనెక్ట్ అన్న మాట కనిపిస్తే పంట పండినట్టే. కానీ మా ఇల్లు కంటోన్మెంటు పాత ఇల్లు, గోడలు మూరెడు మందం. కింది గదుల్లో మాటకు సరిపడా సిగ్నల్ ఉండేది గానీ ఇంటర్నెట్‌కు చాలేది కాదు. అందుకని మేడ మెట్ల చివర, తలుపు దగ్గర, పాత స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఫోనును పచ్చళ్ల జాడీ మీద నిలబెట్టి, నేను ఆఖరి మెట్టు మీద కూర్చునేదాన్ని.

అక్కడ కూర్చుంటే కింద అత్తమ్మ పిలిచినా వినపడదు. ఆమె గొంతెత్తే మనిషి కూడా కాదు. అందుకు మా ఇంటి ఉపాయం మళ్లీ మిస్డ్ కాలే. మావారి పాత ఫోను ఆమె దిండు పక్కన ఉండేది. బెడ్‌పాన్ కావాలన్నా, పక్కకు తిప్పాలన్నా ఒక మోగు మోగించేది, నేను దిగి వెళ్లేదాన్ని. ఆ అవసరాలకు ఆమె నన్ను తప్ప ఎవరినీ పిలిచేది కాదు, కన్న కూతురిని కూడా పిలిచేది కాదు. అయితే ఆ ఫోన్లకు ఒకేసారి రెండు పనులు చేతకాదు. కాల్ వచ్చిందంటే ఇంటర్నెట్ తెగిపోతుంది, పోతున్న మెయిల్ మళ్లీ మొదటి నుంచి పంపాలి. కాల్స్ ఏవీ రాకుండా ఆపేసే సదుపాయం ఉందని మరిది చెప్పాడు. ఆపేస్తే అత్తమ్మ మోగు కూడా ఆగిపోతుంది కదా, అందుకే ఆ జోలికి పోలేదు.

వారమంతా ఎలాగో గట్టెక్కింది. ఆఖరి రోజున పంపాల్సింది బొమ్మలతో ఉన్న పెద్ద పుస్తకం, మామూలు కాగితాలకన్నా ఎన్నో రెట్లు బరువు. మా నెమ్మది ఇంటర్నెట్‌కు అది కొండ. అందుకని మధ్యాహ్నమే అత్తమ్మకు చెప్పాను, ఇవాళ ఇది వెళ్లేదాకా ఎవరూ ఫోను చేయకూడదు అని. ఆమె ఆ బాధ్యత తన మీద వేసుకుంది. మంచంలో పడుకునే బొల్లారానికి, లాలాగూడలోని చిన్నమామయ్యకు, మరిదికి, అందరికీ చేసి చెప్పింది. మెట్లెక్కుతూ విన్నాను, ఇంత పట్టుదలగా ఆమె పెళ్లి పిలుపులు కూడా పిలిచి ఉండదు.

మెయిల్ కదిలింది. తెర మీద గీత పావు వంతు నిండేసరికి ఫోను ఒక్క మోగు మోగి ఆగింది. లైను తెగింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి సగం దాకా వచ్చాక ఇంకో మోగు. చూస్తే ఒకటి బొల్లారం నంబరు, ఒకటి లాలాగూడ. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆఫీసు మూసే వేళ దగ్గరపడుతోంది. కిందికి దిగి, మీరు చెప్పారు కదా అత్తమ్మా, మరి ఎందుకు చేస్తున్నారు అని అడిగాను.

ఆమె ముఖంలో ఎంత నిబ్బరమో. "ఎవ్వరు ఫోన్ జేస్తలేరు గదా బిడ్డా. అందరికీ జెప్పిన. మాట్లాడుడు బంద్, పోయిందా లేదా అని అడుగాల్నంటె ఉత్త మిస్డ్ కాల్ ఇయ్యుండ్రి అన్న."

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. ఆమె తప్పేముంది? మిస్డ్ కాల్‌ను ఫోను చేయడం కింద మనలో ఎవరం మాత్రం లెక్కవేశాం? ఈ మెషీనుకు మోగితే చాలు, తెగిపోతుంది అని చెప్పాను. ఎత్తకున్నా తెగుతదా, అని అడిగింది. ఎత్తకున్నా తెగుతుందన్నాను. మళ్లీ ఫోను తీసుకుని, ఒక్కొక్కరికీ చేసింది. నేను మెట్లెక్కుతుంటే వెనుక ఆ గొంతు వినపడింది. "మిస్డ్ కాల్ సుత వద్దు. నేను జెప్పిందాంక ఫోన్ ముట్టకుండ్రి."

ఈసారి గీత నత్తలా పాకింది. నేను దాని వంకా ఫోను వంకా మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. మార్కెట్ వైపు నుంచి బండ్ల చప్పుడు, ఎవరో కుక్కను పిలుస్తున్న చప్పుడు, అంతే. ఫోను మోగలేదు. సగం దాటింది, ముప్పావు దాటింది. ఫోను మోగలేదు. చివరకు గీత నిండి, పంపబడింది అన్న మాట తెర మీద కనిపించాక కూడా నమ్మకం కలగక, మేడం దగ్గర నుంచి అందింది అన్న జవాబు వచ్చేదాకా మెట్టు మీద నుంచి కదల్లేదు. ఆ తరువాత మెట్లు ఎలా దిగానో తెలియదు.

అత్తమ్మ గోడ వైపు ముఖం తిప్పుకుని ఉంది. ఫోను పిడికిట్లో బిగించి ఉంది, బొత్తాల మీద మాత్రం వేలు లేదు. దగ్గరకు వెళ్లాక వాసన తెలిసింది, నడుము కింద దుప్పటి తడిసి ఉంది. నేను పైకి వెళ్లిన కాసేపటికే అవసరం పడి ఉంటుంది. పడక పాడు కాకుండా మొదటి రోజు నుంచీ ఎంతో పట్టుగా ఉన్న మనిషి.

"పోయిందా?" అంది, అటు తిరిగే.

పోయింది అత్తమ్మా అన్నాను.

"మంచిది. గిప్పుడు జెర దుప్పటి మార్సు."

నేను మార్చాను. ఆ సంగతి ఇద్దరం మళ్లీ ఎప్పుడూ ఎత్తుకోలేదు. చుట్టాలందరికీ పనయిందని ఆమే ఫోన్లు చేసి చెప్పింది, వినేవాళ్లకు అది కోడలి నౌకరి కబురు మాత్రమే. ఆ ఏర్పాటు స్థిరపడి, ఎన్నో ఏళ్లు అదే ఆఫీసుకు ఇంటి నుంచే పనిచేశాను. అత్తమ్మ ఊతకర్రతో లేచి తిరిగింది. మాకు టెలిఫోను లైను కూడా వచ్చింది, దాని కోసం ఎదురుచూడడం దాదాపు మరిచిపోయాక. లాప్‌టాప్‌ను మరిది ఇంకెవరి మతం మార్చడానికో పట్టుకెళ్లాడు. కొన్నేళ్లకు అత్తమ్మ వెళ్లిపోయింది, నిద్రలోనే, ఎవరినీ పిలవకుండా.

ఇప్పుడు ఫోన్లకు అన్ని పనులూ ఒక్కసారే చేతనవుతాయి. మా అమ్మాయి మాట్లాడుతూనే పంపుతుంది, పంపుతూనే తింటుంది, ఏదీ దేనికీ అడ్డం కాదు. అది మంచికే, నేను కాదనను. మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లు కూడా ఇప్పుడు లేరు, దీపాలు పెట్టిన కబురు ఫోటోతో సహా వస్తుంది. చిక్కుడుకాయలు ఏరుకుని మళ్లీ కూర్చున్నాక అమ్మాయికి ఏ లైనో చెబుదామనుకున్నాను, ఈలోగా అది పని ముగించి లేచిపోయింది. ఇక ఆ లైను తెగదు. నా లైను తెగకూడదని పిడికిట్లో ఫోను పట్టుకుని, నొక్కకుండా, తడిలో పడుకునే మనిషీ ఇక లేదు.