క్యోటోలో జనం లేని గుడి

జపాను దేశం నన్ను పిలిచి ఉద్యోగమిస్తే, ఒక్క మధ్యాహ్నంలో ఆ దేశం నుంచి గెంటించుకునేదాకా తెచ్చుకున్న ఘనుణ్ణి నేను. అందులో ఎవరి సాయమూ లేదు. అంతా స్వయంకృషి.

ఒసాకాలో చేరిన ఏడాది, నరసరావుపేట నుంచి మా బాబాయి నన్ను చూడటానికి వచ్చాడు. మిరప రైతు. శరదృతువు, క్యోటోలో చెట్లన్నీ ఎర్రబడే రోజులు. "క్యోటో నాకు కొట్టిన పిండి బాబాయ్" అని అప్పటికే కోతలు కోసి ఉన్నాను. నిజానికి నేను ఆ ఊళ్ళో దిగింది ఒక్కసారే, అదీ రైలు మారడానికి.

మొదటి పెద్ద గుడి దగ్గరే బాబాయి ఆగిపోయాడు.

"ఏందిరా ఈ జనం? కోటప్పకొండ తిరనాళ్ళ నేను చూడలేదనా ఇంత దూరం తెచ్చింది?"

"ఆకులు చూడు బాబాయ్, ఎంత ఎరుపో!"

"నాకు తలకాయలే కనపడతన్నయ్."

ఇక్కడ నా పరువు పోతే సాయంత్రానికల్లా పేటంతా తెలుస్తుంది. "జనం ఎరగని గుడి ఒకటుంది, పద" అన్నాను. ఉందో లేదో నాకూ తెలియదు. సందులన్నీ తిప్పాను. దేవుడి దయవల్ల (ఇందులో దేవుడికి సంబంధం లేదని తరవాత తేలింది) ఒక చెక్క గేటు, లోపల నాచు పట్టిన రాళ్ళు, రాతి దీపస్తంభం, నిప్పంటుకున్నట్టున్న మేపుల్ చెట్టు కనిపించాయి. నరమానవుడు లేడు.

"కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినట్టుందిరా!" అని బాబాయి మురిసిపోయి చెప్పులు విప్పేశాడు. నేనూ విప్పాను.

"గంటేదిరా?"

గుమ్మం పక్కన బటన్ ఉంది. "ఇక్కడన్నీ కరెంటు గంటలు బాబాయ్" అని నొక్కాను. లోపల టింగుమంది. బాబాయి దణ్ణం పెట్టుకుని ప్రదక్షిణం మొదలెట్టాడు. వెనక నేను. పెరటివైపు తాడు మీద దిండు గలీబులు, ఒక బనీను ఆరుతున్నాయి.

"ఇయ్యేందిరా?"

"స్వామివారి వస్త్రాలు."

"బనీను ఏసుకుంటాడా?"

"చలిదేశం కదా."

ఆ మాట నోట్లో ఉండగానే పక్కన వాషింగ్ మెషీన్ కనిపించింది. అది గుడి కాదు, ఎవరిదో ఇల్లు! బాబాయి అప్పటికే రెండో చుట్టులోకి వెళ్ళిపోయాడు. పెరటి తలుపు తెరుచుకుని ఒక పెద్దావిడ వచ్చింది, చేతిలో ఫోను. పోలీసులు, వీసా, తిరుగు విమానం వరసగా కళ్ళముందు కదిలాయి.

"బాబాయ్! ఆగు! బాబాయ్! బాబాయ్!" అని గొంతు చించుకున్నాను.

మీకొక సంగతి చెప్పాలి. జపాను భాషలో "బబా" అంటే "ఓసి ముసలిదానా" అని. మన బాబాయ్‌కి, ఆ మాటకి తేడా వాళ్ళ చెవికి ఆనదు. అంటే ఒక పరాయి కుర్రాడు ఆవిడ పెరట్లో చొరబడి, ఆవిడ మొహంలోకి చూస్తూ, ఆ మాట ముమ్మారు అరిచాడన్నమాట.

ఆవిడ ఫోను చెవి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను నడుం విరిగేటట్టు వంగి, వచ్చిన నాలుగు జపాను ముక్కల్లో మొత్తుకున్నాను. "మిమ్మల్ని కాదండీ! మా నాన్న తమ్ముణ్ణి! మా భాషలో బబా ఆయనే!"

సరిగ్గా అప్పుడే మూల తిరిగి బాబాయి వచ్చాడు, బుర్రమీసాలతో, జోడించిన చేతులతో.

ఆవిడ ఆ మీసాల్ని తేరిపార చూసింది. "ఈయనా బబా?"

"అవునండీ."

ఇక ఆవిడ నవ్వాపుకోలేక తలుపు పట్టుకుంది. ఫోను జేబులో వేసుకుని, లోపలికెళ్ళి, టమాటాలాంటి నారింజరంగు పండొకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. బాబాయి కళ్ళకద్దుకున్నాడు.

"ఈమె పూజారమ్మేనారా?"

నిజం చెప్పడానికి నాకు దొరికిన అవకాశం అదొక్కటే. "అవును బాబాయ్" అన్నాను.

ఆయన ఊరికెళ్ళాక పిన్ని ఫోను చేసింది. "ఒరేయ్, మీ బాబాయి గంట కొట్టంగనే అమ్మవారే తలుపు తీసి, నవ్వి, ప్రసాదం పెట్టిందంటగా! వచ్చే ఏడు తొమ్మిది మందిమి వస్తన్నాం. ఇంకేం చూపించబాకు, ఆ గుడికి తీసకపో చాలు."

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో జనం లేని గుమ్మం ముందు చెప్పులు విప్పను, బనీను ఆరేసుకున్న దేవుణ్ణి దర్శించను. ఈ ప్రమాణం వచ్చే ఏడు పిన్నివాళ్ళు తిరుగు విమానం ఎక్కిన మరుక్షణం నుంచి అమల్లోకి వస్తుంది.