కారు గడపకు దీపం పెట్టిన కథ

మా ఇంట్లో ఈ కథ ఎవరు చెప్పినా "వదిన హారన్ తీగె తెంపింది" అని మొదలుపెడతారు. అబద్ధం. నేను తెంపలేదు, కలిపాను. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ల నోళ్లలో నా పరువు ఇన్నేళ్లుగా నానుతోంది కనుక, అది ఎలా మునిగిందో నేనే చెబుతాను.

తొంభైల నాటి సంగతి. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి ఆత్మకూరులో ఖాళీగా కూర్చున్నాను. ఉదయగిరిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ పోస్టు ఉంది. ఇవ్వడమా మానడమా అన్నది కమిటీ ప్రెసిడెంటు దయ. ఆయన జీపు షెడ్డులో పడిందని తెలిసి, ఆదివారం మా పాత అంబాసిడర్‌లో ఉదయగిరికి తీసుకెళతామని మావారు మాటిచ్చారు.

అంతే, నాకు పూనకం వచ్చింది. పెద్దాయన కారెక్కేటప్పుడు కాళ్ల దగ్గర వెలుగుండాలి! తలుపు కింది అంచు మీద ప్లాస్టిక్ పలక, దాని అడుగున సీరియల్ బల్బులు, పైన "స్వాగతం". కరెంటు ఎక్కణ్ణుంచి తెద్దామని మా మరిది నసిగితే, "హారన్ తీగె పక్కనే పోతుంటే వెతుకులాట ఎందుకు? ఫిజిక్సు చదివింది నువ్వా, నేనా?" అన్నాను. టేపు అయిపోతే అతుకుకు దెబ్బలకు వేసే ప్లాస్టర్ చుట్టాను. బల్బులు మిణుగురుల్లా వెలిగాయి. నవ్వకండి, వెలిగాయి.

మా అత్తకు చూపించి "ఇది కారు గడపత్తా" అన్నాను. ఆమె వెంటనే పసుపు రాసి, కుంకుమ పెట్టి, "గడప తొక్కబాకండి, లచ్చిమి ఉంటాది" అని ఆజ్ఞ వేసింది. వారమంతా ఇంటిల్లిపాదీ దాన్ని దాటుకునే కారెక్కాం. ఆదివారం పెద్దాయన చేతా దాటించింది.

దారంతా వెనక సీట్లోంచి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. వెలుగు చూశాడా, చూడలేదా? పోస్టు ఉందా, ఊడిందా?

ఉదయగిరి సెంటర్లో జనం కనిపించారు. జనాన్ని చూస్తే ఆయనకు ఏ గడపా గుర్తుండదు. తలుపు తీసి, కారు టాపు పట్టుకుని, నా "స్వాగతం" మీదికెక్కి నిలబడ్డాడు. ఉపన్యాసానికి నోరు తెరిచాడో లేదో, హారన్ దూడ తప్పిన గేదెలా అరిచింది. దిగాడు, ఆగింది. ఎక్కాడు, మళ్లీ అరిచింది. ఆయన బరువుకు పలక కుంగి, నా ప్లాస్టర్ జారి, హారన్ తీగె కారు ఇనుముకు తగులుతోంది; తగిలితే హారన్ నొక్కినట్టే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా దీపం ఇంట వెలిగి రచ్చన మోగింది.

"ఎవుర్రా కొట్టేది?" అన్నాడు పెద్దాయన.

స్టీరింగు ముందు మా మరిది రెండు చేతులూ ఎత్తేశాడు. "నేను కాదయ్యా. మీ కాలే కొడతా ఉండాది."

"ఈ తీగెలు కలిపింది ఎవురు?"

"మా వదిన. ఎమ్మెస్సీ ఫిజిక్సు."

పెద్దాయన నన్ను తేరిపార చూశాడు.

"ఉద్యోగం ఇస్తాలే అమ్మాయ్. ఫిజిక్సు మాత్రం ఒద్దు, మా పిల్లకాయలు బతకాల. లైబ్రరీ చూసుకో."

ఆ రోజే పంచభూతాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో నడిచే ఏ గడపకూ దీపం పెట్టను. నిలబెట్టుకున్నాను కూడా. కానీ ఒక్కటి ఎవరైనా తేల్చి చెప్పండి. తొక్కగానే మోగిందంటే తప్పు కలిపిన నాదా, వారం పాటు ఒక్కరూ తొక్కి చూడకుండా భక్తిగా దాటిన వాళ్లదా?